కుక్కపిల్ల ఎక్కడిది?

ఎవరింటికైనా కొత్తగా కుక్కపిల్ల వస్తే చూడవచ్చినవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. ఏ జాతి? ఎంత పెట్టి కొన్నారు? పేరేమిటి? చేతిలో మామిడిపండు పెడితే నూజివీడుదా, బనగానపల్లెదా అని ఆరా తీస్తాం. పట్టుచీర చూపిస్తే గద్వాలా, ధర్మవరమా అని అడుగుతాం. ప్రాణమున్న కుక్కపిల్ల విషయంలో మాత్రం "ఇది ఎక్కడిది? దీని తల్లి ఎక్కడ, ఎలా ఉంది?" అన్న ప్రశ్న మన నోట రాదు.

ఈ అడగని ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. అది లండను నగరంలో స్పష్టంగా కనబడుతుంది. కుక్కలను ముచ్చటకు పెంచుకోవడం లోకమంతటా ఉన్నదే. కానీ దొంగతనం, కొల్లగొట్టడం, జాతిపత్రంతో అమ్మకం, శరణాలయం నుండి స్వీకరణ అనే నాలుగు దారులూ ఆ నగరంలో 19వ శతాబ్దం నడుమ, ఇరవై ఏళ్ళ వ్యవధిలో పక్కపక్కనే నడిచాయి. నేటికీ లోకంలో కుక్క ఇంటికి వచ్చే దారులు చాలావరకు వాటి కొనసాగింపులే. అందుచేత ముందు అక్కడికి వెళ్ళి, తరువాత మన దగ్గరికి వద్దాం.

మొదటి దారి దొంగతనం. ఆంగ్ల కవయిత్రి ఎలిజబెత్ బారెట్ తమ్ముడు 1840లో నీట మునిగి చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉన్న ఆమెకు స్నేహితురాలు, రచయిత్రి మేరీ రసెల్ మిట్‌ఫర్డ్ మరుసటి ఏడాది ఒక స్పానియల్ కుక్కపిల్లను కానుకగా పంపింది. దాని పేరు ఫ్లష్. వింపోల్ వీధిలోని ఇంట్లో రోగిగా గదికే పరిమితమైన ఎలిజబెత్‌కు ఆ కుక్క ఏళ్ళ తరబడి తోడు. ఆ ఫ్లష్‌ను లండను దొంగలు మూడు పర్యాయాలు ఎత్తుకుపోయారు.

ఆ రోజుల్లో అది ఒక స్థిరపడిన వ్యాపారం. ధనికుల కుక్కలను ఎత్తుకుపోయి, మధ్యవర్తి ద్వారా కబురు పంపి, సొమ్ము పుచ్చుకొని తిరిగి అప్పగించేవారు. ఆ దొంగలకు ధైర్యమిచ్చింది ఒక విచిత్రమైన న్యాయసూత్రం. ఆవు, గొర్రె, కోడి మనిషి అవసరాలకు పనికివస్తాయి గనుక ఆస్తి. కుక్కను ముచ్చట కోసం పెంచుకుంటారు గనుక అది దొంగతనపు నేరానికి తగిన ఆస్తి కాదు అని ఇంగ్లండు సంప్రదాయ న్యాయం భావించేది. కుక్క మెడపట్టీని కాజేస్తే దొంగతనం, పట్టీ విప్పి కుక్కను తీసుకుపోతే అంతకన్నా చిన్న తప్పు! 1844లో పార్లమెంటు దిగువసభ ఈ కుక్కల దొంగతనాలపై ఒక సంఘాన్ని నియమించి విచారణ జరిపింది. 1845లో ప్రత్యేక చట్టం వచ్చింది.

చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1846 సెప్టెంబరులో, ఫ్లష్ మూడోసారి పోయింది. అప్పటికి ఎలిజబెత్‌కూ కవి రాబర్ట్ బ్రౌనింగ్‌కూ రహస్యంగా పెళ్ళి నిశ్చయమైంది. ఆ వారంలో వారిద్దరి నడుమ నడిచిన ఉత్తరాలలో ప్రేమతోపాటు ఒక గట్టి ధర్మచర్చ కూడా ఉన్నది. దొంగలకు సొమ్ము ఇవ్వకూడదని బ్రౌనింగ్ వాదన. ఇచ్చిన ప్రతి గినీ రేపటి దొంగతనానికి పెట్టుబడి. నీ కుక్క ఇంటికి వస్తుంది, మరొకరి కుక్క పోతుంది. ఎలిజబెత్ సమాధానం వేరు. నన్ను నమ్ముకున్న ప్రాణిని ఒక సూత్రం కోసం బలిపెట్టలేను అన్నది ఆమె పక్షం. బేరమాడిన ఒక యజమానురాలికి తన కుక్క తల మూటలో వచ్చిందన్న కథ ఆమె విని ఉన్నది.

ఏళ్ళ తరబడి గడప దాటడానికే జంకిన ఆ మనిషి, పరిచారికను వెంటబెట్టుకొని బండిలో దొంగల పేటకు స్వయంగా వెళ్ళింది. చివరికి ఆమె తమ్ముడొకడు వెళ్ళి సొమ్ము చెల్లించి కుక్కను తెచ్చాడు. ఆరు గినీలు అయింది. కొద్ది రోజులకే పెళ్ళి, ఆ తరువాత వారానికి ఇటలీ ప్రయాణం. ఫ్లష్ కూడా వెంట వెళ్ళింది. వర్జీనియా వుల్ఫ్ 1933లో ఈ కుక్క జీవితాన్నే ఒక పుస్తకంగా వ్రాసింది.

ఈ చర్చలో ఎవరిది న్యాయం? ఫ్లష్ విషయంలో ఎలిజబెత్‌ది. మిగతా కుక్కలన్నింటి విషయంలో బ్రౌనింగ్‌ది. ఈ మాట గుర్తుంచుకుందాం. చివర మళ్ళీ దీని అవసరం పడుతుంది.

రెండవ దారి కొల్లగొట్టడం. 1860 అక్టోబరులో, రెండవ నల్లమందు యుద్ధం చివర, ఆంగ్ల, ఫ్రెంచి సేనలు బీజింగు దగ్గరి వేసవి రాజప్రాసాదాన్ని దోచుకున్నాయి. తరువాత ఆంగ్లేయులు దానికి నిప్పుపెట్టారు. దోపిడీలో దొరికినవాటిలో రాజాంతఃపురపు చిన్న కుక్కలు కూడా ఉన్నాయి. ఇప్పుడు పెకింగీస్ అని పిలుస్తున్న జాతి అది. వాటిలో ఒకదానిని కెప్టెన్ డన్ అనే సైనికాధికారి ఇంగ్లండుకు తెచ్చి 1861లో విక్టోరియా రాణికి సమర్పించాడు. దానికి పెట్టిన పేరు "లూటీ"!

అర్థం చెప్పనక్కరలేదు. ఆంగ్లేయులు ఆ మాటను మన దేశంలోనే నేర్చుకున్నారు, తెలుగువారికీ అది ఇంటిమాటే. దోచుకొచ్చిన ప్రాణికి దోపిడీ అనే పేరు పెట్టి, ముద్దుగా పిలుచుకొని, దాని బొమ్మ కూడా వేయించారు. కుక్క ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం దాని పేరులోనే ఉన్నా ఆ సమాధానం ఎవరినీ నొప్పించలేదు. ఆ కుక్క 1872 వరకు రాజప్రాసాదంలో బతికింది.

మూడవ దారి పైకి పెద్దమనుషుల దారి. 1859 జూన్‌లో న్యూకాసిల్ పట్టణంలో ఒక కుక్కల పోటీ జరిగింది. ఈనాటి తరహా ప్రదర్శనలకు దానినే ఆరంభంగా లెక్కిస్తారు. పాయింటర్లు, సెట్టర్లు అనే రెండు రకాల వేటకుక్కలే అందులో పాల్గొన్నాయి. బహుమతులుగా తుపాకులు ఇచ్చారు. అంటే అప్పటికి కుక్కకూ దాని పనికీ సంబంధం తెగలేదన్నమాట. కొద్ది ఏళ్ళలో పని వెనక్కి పోయి రూపం ముందుకు వచ్చింది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. మరుసటి ఏడాది వంశావళుల గ్రంథం వెలువడింది. కుక్కల ఆహారం అమ్మే సంస్థలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరిట పెద్ద ప్రదర్శన ప్రారంభించాడు. అది నేటికీ క్రఫ్ట్స్ పేరుతో సాగుతున్నది.

అంతకుముందూ కుక్కల్లో రకాలు ఉన్నాయి. మన ప్రబంధాల వేట వర్ణనల్లోనూ జాగిలాలు కనబడతాయి. అయితే ఆ రకాలు పనిని బట్టి ఏర్పడినవి. బాగా పరుగెత్తేది మంచి జాగిలం, అంతే. కెన్నెల్ క్లబ్ తెచ్చిన మార్పు వేరు. చెవి ఎంత పొడవుండాలి, ముక్కు ఎంత నొక్కుకొని ఉండాలి అని కాగితం మీద వ్రాసి, ఆ కాగితానికి కుక్కను సరిపెట్టడం మొదలైంది. వంశగ్రంథంలో పేరున్నవాటి నడుమనే సంతానం కలగాలి. మంచి రూపం నిలపడానికి తండ్రీకూతుళ్ళను, తల్లీకొడుకులను కూడా జతకట్టించారు.

నాలుగవ దారి కూడా అప్పుడే మొదలైంది. 1860లో మేరీ టీల్బీ అనే ఆమె లండనులోని హాలొవేలో, తప్పిపోయిన, ఆకలితో అలమటిస్తున్న కుక్కల కోసం ఒక ఆశ్రయం నెలకొల్పింది. మనుషులకే దిక్కులేని ఊళ్ళో కుక్కలకు ఆశ్రయమేమిటని పత్రికలు నవ్వాయి. "ది టైమ్స్" కూడా ఎగతాళి చేసింది. 1862లో ఛార్లెస్ డికెన్స్ నడిపే పత్రికలో "రెండు కుక్కల ప్రదర్శనలు" అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం వెలువడింది. ఒకటి ఇస్లింగ్టన్‌లో బహుమతి కుక్కల ప్రదర్శన. రెండవది అక్కడికి దగ్గరలోనే ఉన్న టీల్బీ ఆశ్రయం. ఒకే జంతువుకు ఒకే నగరం రెండు చోట్ల కట్టిన రెండు వెలలను ఆ వ్యాసం పక్కపక్కన నిలబెట్టింది. నవ్వులాట తగ్గి, ఆశ్రయం నిలదొక్కుకోవడానికి అదీ తోడ్పడింది.

టీల్బీ 1865లో చనిపోయింది. ఆశ్రయం 1871లో బాటర్సీకి తరలింది. నేటికీ ఆ పేరుతోనే ఉన్నది. 1885లో లూటీ యజమానురాలైన విక్టోరియా రాణియే దానికి పోషకురాలైంది. అయితే శరణాలయపు చరిత్రను మెరుగుపెట్టి చెప్పడం కూడా సరికాదు. 1867 చట్టం తరువాత పోలీసులు వీధికుక్కలను పట్టి తెచ్చి అక్కడ వదిలేవారు. ఎవరూ తీసుకుపోని కుక్కలను చంపడం తప్పలేదు. 1884లో వాటిని విషవాయువుతో నొప్పి లేకుండా చంపే గదిని కూడా అక్కడ ఏర్పాటు చేశారు. ప్రదర్శనశాలలో కుక్కపిల్లకు గిరాకీ పెరుగుతున్న కాలంలోనే, ఆశ్రయంలో పెరిగిన కుక్కకు గిరాకీ లేక ప్రాణం పోయేది. ఈ రెండింటినీ కలిపే లెక్క ఎవరూ వేయలేదు.

జాతిపత్రం దారి ఎక్కడికి వెళ్ళిందో చెప్పడానికి ఒక్క జాతి చాలు. 17వ శతాబ్దపు ఆంగ్ల రాజు రెండవ ఛార్లెస్‌కు ఇష్టమైన చిన్న స్పానియళ్ళు ఆనాటి వర్ణచిత్రాలలో కొంచెం పొడవు ముక్కుతో కనబడతాయి. ప్రదర్శనల కాలం వచ్చేసరికి వాటి మొహం చప్పిడి అయిపోయింది. 1926లో రాస్‌వెల్ ఎల్డ్రిడ్జ్ అనే అమెరికా ధనికుడు, పాత చిత్రాలలోని రూపమున్న కుక్కను చూపినవారికి 25 పౌన్ల బహుమతి ఇస్తానని క్రఫ్ట్స్ ప్రదర్శనలో ప్రకటించాడు. బహుమతి పుట్టింది, దాని వెనుక కుక్క కూడా పుట్టింది! 1928లో దానికొక సంఘం, 1945లో కెన్నెల్ క్లబ్ గుర్తింపు. అదే కవాలియర్ కింగ్ ఛార్లెస్ స్పానియల్.

సౌమ్యమైనది, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది. ఇంగ్లండులో ఇంటింటి ముద్దుబిడ్డ అయింది. కానీ కొద్దిపాటి కుక్కలతో మొదలైన వంశం కావడం వల్ల జబ్బులు రక్తంలో నిలిచిపోయాయి. గుండె జబ్బు ఒకటి. మెదడుకు సరిపడా చోటు లేని పుర్రె మరొకటి; దానివల్ల వెన్నుపాములో నీటి గుంటలు ఏర్పడి తీవ్రమైన నొప్పి కలుగుతుంది. 2008 ఆగస్టులో బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ ఇదంతా బయటపెట్టింది. బహుమతి పొందిన ఒక కవాలియర్‌కు ఈ జబ్బు ఉన్నా అది అనేక ఈతలకు తండ్రి అయిందని అందులో చూపించారు. మరుసటి ఏడాది బీబీసీ క్రఫ్ట్స్ ప్రసారాన్ని మానుకున్నది. కెన్నెల్ క్లబ్ దగ్గరి రక్తసంబంధపు జతలకు పుట్టిన పిల్లల నమోదును ఆపింది. నార్వేలో 2022లో న్యాయస్థానం కవాలియర్‌లను అదే వంశంలో పుట్టించడం జంతుసంక్షేమ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. 2023లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం దానిని నిలబెట్టింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉన్నది. జాతిపత్రం అబద్ధం చెప్పలేదు. దానిలో తాతముత్తాతల పేర్లన్నీ నిజమే. కుక్కపిల్ల ఎవరి వంశంలోదో అది చెప్పింది. దాని తల్లి ఏ స్థితిలో ఉన్నదో మాత్రం చెప్పలేదు. ఆ గడి అసలు ఆ కాగితంలో లేదు.

గిరాకీ ఇళ్ళలో పుట్టే పిల్లలతో తీరనప్పుడు కోళ్ళఫారాల వంటి కుక్కపిల్లల ఫారాలు వెలిశాయి. ఎదకు వచ్చిన ప్రతిసారీ ఆడకుక్కకు జతకట్టించడం, పాలు మరవకముందే పిల్లలను దళారికి అమ్మడం, దళారి వాటిని దుకాణానికో ఇంటికో చేర్చడం. కొనేవారికి కనబడేది శుభ్రంగా తుడిచి రిబ్బను కట్టిన పిల్ల ఒక్కటే. 2013లో వేల్స్‌లోని అటువంటి ఒక ఫారం నుండి లూసీ అనే ఆడ కవాలియర్‌ను కాపాడారు. ఈతకు పనికిరాదని తేలిన కుక్క అది. ఏళ్ళ తరబడి ఇరుకు బోనులో ఉండి తుంటి ఎముకలు బిగుసుకుపోయాయి. వెన్ను వంగిపోయింది. ఒంటి మీద బొచ్చు ఊడిపోయింది. కాపాడినవారి ఇంట మూడేళ్ళు సుఖంగా బతికి 2016లో చనిపోయింది.

దాని పేరిట ఉద్యమం నడిచి, 2020 ఏప్రిల్ 6 నుండి ఇంగ్లండులో ఒక నిబంధన అమలులోకి వచ్చింది. ఆరు నెలల లోపు కుక్కపిల్లలను, పిల్లిపిల్లలను దళారులు, దుకాణాలు అమ్మరాదు. పుట్టిన చోటనే, తల్లితో కలిపి చూపించి అమ్మాలి. లేదా శరణాలయం నుండి తీసుకోవాలి. న్యూకాసిల్ ప్రదర్శన జరిగిన 160 ఏళ్ళకు "తల్లి ఎక్కడ?" అన్న ప్రశ్న చట్టంలోకి ఎక్కింది.

చరిత్ర అక్కడ శుభం కార్డు వేయలేదు. అదే 2020లో కోవిడ్ వచ్చి అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టింది. కుక్కపిల్లలకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, ధరలు ఆకాశానికి అంటాయి, వాటితోపాటు దొంగతనాలూ పెరిగాయి. 2024లో పెంపుడు జంతువులను ఎత్తుకుపోవడాన్ని ప్రత్యేక నేరంగా పరిగణిస్తూ మరో చట్టం చేయవలసి వచ్చింది. ఫ్లష్‌ను ఎత్తుకుపోయిన 178 ఏళ్ళకు! దొంగ, దళారి, ఫారం యజమాని మారుతూ వచ్చారు. మారనిది కొనేవాని చేతిలోని సొమ్ము.

ఇక మన సంగతి. మన పల్లెల్లో కుక్క కొనుగోలు వస్తువు కాదు. గడ్డివాము చాటున కుక్క ఈనితే, కళ్ళు తెరిచాక పిల్లలు తలొకటి ఎత్తుకుపోయేవారు. దాని తల్లి ఎవరో ఊరందరికీ తెలుసు. అది ఆ వీధి చివరనే తిరుగుతూ ఉంటుంది. ఇదంతా స్వర్ణయుగమని నేను అనను. ఆడపిల్లలను ఎవరూ తీసుకునేవారు కారు, చాలా పిల్లలు చలికీ ఆకలికీ పోయేవి. కానీ దాని పుట్టుక మాత్రం ఎవరి కంటికీ మరుగు కాదు.

దిక్కులేని కుక్కల గురించిన వాదమూ మనకు కొత్త కాదు. 1832లో బొంబాయిలో పోలీసులు కుక్కకింతని వెలగట్టి వీధికుక్కలను చంపించబోతే పార్సీలు ముందు నిలిచి తిరగబడ్డారు, ఇతరులూ కలిశారు. రెండేళ్ళకు జంషెట్జీ జీజీభాయ్ మొదలైన వర్తకులు అక్కడ పింజ్రాపోల్ నెలకొల్పారు. బాటర్సీ ఆశ్రయానికి అది 26 ఏళ్ళు పెద్దది.

కొనుగోలు సంస్కృతి మన మధ్యతరగతికి ఎలా వచ్చిందో ఆ రోజులు చూసినవారందరికీ గుర్తే. 2003లో ఒక చరవాణి సంస్థ ప్రకటనలో చిన్నపిల్లవాడి వెంట ఒక పగ్ నడిచింది. ఆ జాతి పేరు తెలియనివారు కూడా "హచ్ కుక్క" కావాలని అడిగారు. చప్పిడి ముక్కుతో చల్లని దేశంలోనే ఊపిరికి ఆయాసపడే ఆ ప్రాణి మన మే నెల ఎండలకు వచ్చింది. హచ్ పోయింది, ప్రకటనలు మారాయి, పెరిగి పెద్దవై జబ్బుపడిన పగ్‌లు మిగిలాయి. ముచ్చట తీరాక వదిలేసిన జాతికుక్క వీధిలో బతకలేదు. ఊరకుక్కకున్న తెలివి దానికి లేదు.

మన దేశంలోనూ 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు వెలువడ్డాయి. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. తల్లికుక్క ఈతలకు పరిమితి ఉన్నది. కాగితం మీద ఇది మంచి చట్టమే. అయితే 1845 నాటి ఇంగ్లండు చట్టం మరుసటి ఏడాది ఫ్లష్‌ను కాపాడలేకపోయినట్టే, కొనేవాడు అడగని చోట ఈ నియమమూ ఏమీ చేయలేదు.

ఇప్పుడు బ్రౌనింగుల వాదానికి తిరిగి వద్దాం. ఈ కాలంలో అది తరచూ ఇలా ఎదురవుతుంది. ఇరుకు బోనులో నీరసంగా పడుకున్న కుక్కపిల్ల కనబడుతుంది. "పాపం, నేనైనా కొని దీనిని కాపాడతాను" అనిపిస్తుంది. మంచి మనసుకు కలిగే ఆలోచనే అది. ఎలిజబెత్ పక్షాన నిలుస్తున్నామని మనం అనుకుంటాం. కానీ ఒక తేడా ఉన్నది. ఫ్లష్ అప్పటికే ఆమెది. అయిదేళ్ళుగా ఆమెను నమ్ముకున్నది. విడిపించడం ఆమె తీర్చవలసిన ఋణం. బోనులోని పిల్లకూ మనకూ ఇంకా ఆ ఋణం ఏర్పడలేదు. మన సొమ్ముతో ఆ బోను ఖాళీ అయిన మరునాడే అందులోకి మరొక పిల్ల వస్తుంది. దానిని కనడానికి ఒక తల్లి మళ్ళీ చూలు మోయాలి. జాలితో కొన్నా అమ్మేవాడి లెక్కల్లో అది అమ్మకమే. కనుక కొనుగోలు విషయంలో బ్రౌనింగ్ మాటే చెల్లుతుంది.

పెంపకందారులందరూ పాపాత్ములనీ, జాతికుక్కను ప్రేమించడం నేరమనీ నా ఉద్దేశం కాదు. ఏడాదికో రెండేళ్ళకో ఒక ఈత, ఇంట్లో అందరి మధ్య తిరిగే తల్లి, "మీ ఇంట్లో చోటెంత? పగలు ఎవరుంటారు?" అని ఎదురు ప్రశ్నించే యజమాని ఎక్కడైనా ఉంటే అక్కడికి వెళ్ళడంలో తప్పు లేదు. శరణాలయం నుండో వీధి నుండో తెచ్చుకోగలిగితే మరీ మంచిది. ఏ దారైనా తల్లి కనబడాలి. శరణాలయంలో తల్లి తెలియకపోయినా, మనమిచ్చే సొమ్ము మరో తల్లి చూలుకు కారణం కాకుండా ఉండాలి. పరీక్ష ఇదొక్కటే.

కుక్క అనగానే మనవారు ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్కను తలుచుకుంటారు. అది భారతం చివర. మొదట్లోనూ ఒక కుక్క ఉన్నది. జనమేజయుని యాగశాల దగ్గర ఆడుకుంటున్న సారమేయుణ్ణి రాజు తమ్ముళ్ళు నిష్కారణంగా కొడతారు. ఆ పిల్ల ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళుతుంది. తల్లి సరమ నేరుగా రాజు సభకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. సభలో ఎవరూ జవాబు చెప్పరు. అనుకోని భయం మిమ్మల్ని చుట్టుకుంటుందని శపించి ఆమె వెళ్ళిపోతుంది. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో కూడా ఈ కథ ఉన్నది. ఫారంలోని తల్లికుక్కకు మన గుమ్మం దాకా వచ్చి అడిగే వీలు లేదు గనుక, ఆ ప్రశ్న కొనబోయేవాడే అడగాలి.